ఆపరేషన్ కందిరీగ

గోవిందస్వామి చచ్చిపోయేటప్పటికి అతని కుడి చెయ్యి అతనితో లేదు. ఉన్నట్టు కనబడింది, అంతే.

మోచేతి నుంచి భుజం దాకా కండ నల్లబడి, మెత్తబడి, ఎముకను వదిలేసింది. నొక్కితే వేలు లోపలికి దిగబడింది. ముందురోజు పొద్దున నెల్లితోపు మార్కెట్లో వంకాయలు ఏరుతుంటే చేతి మీద చురుక్కుమంది. కందిరీగ అనుకున్నాడు. ఇంటికి రాగానే భార్య రాజాత్తి సున్నం పూసి పడుకోబెట్టింది. సాయంత్రానికి జ్వరం. తెల్లారేసరికి మనిషి లేడు.

ఇరుగుపొరుగుకు అతను ఇన్సూరెన్స్ ఏజెంటు. మద్రాసులో బోర్డు లేని ఒక ఆఫీసుకు అతను పుదుచ్చేరిలో నిఘా వేసే వాచర్.

ఆ ఆఫీసులో చీఫ్ తిరుమలై ఎప్పుడూ కూర్చోడు. కిటికీ దగ్గర నిలబడే బ్రీఫింగ్ ఇస్తాడు. ఎదురుగా ఏజెంట్ ఆదికేశవన్. నెల్లితోపులో పుట్టిన తెలుగువాడు. పన్నెండేళ్ల సర్వీసు.

"కొల్లాజినేజ్ అనే పేరు విన్నావా?"

"లేదు సార్."

"మొన్నటిదాకా నేనూ వినలేదు. అదొక ఎంజైమ్. మట్టిలో ఉండే ఓ సూక్ష్మజీవి దాన్ని తయారుచేస్తుంది. మన ఒంట్లో చర్మాన్నీ కండనీ ఎముకనీ కలిపి పట్టుకునే నార కొల్లాజెన్. ఆ నారను ఇది కొరికేస్తుంది. ఇక ఆ చోట కణాలు బతకవు. ఒక విదేశీ ముఠా దీన్ని ఆయుధం చేసింది. కొనడానికి ఓ దేశం సిద్ధంగా ఉంది. గోవిందస్వామి వాళ్లు చూపించిన శాంపిల్."

"విరుగుడు?"

"ఒక్కడి దగ్గరుంది. డాక్టర్ శంకరన్. పుదుచ్చేరిలో ప్రైవేటు ల్యాబు, ఉప్పళంలో ఇల్లు. ఆఖరి పరీక్షలు జూలై పద్నాలుగుకు గాని పూర్తికావు. పదిహేనున ఢిల్లీ వెళ్లి ఫార్ములా అప్పగిస్తాడు. అతను ఢిల్లీ చేరితే ముఠా సరుకును కొనేవాడుండడు. ఆలోగా వాళ్లు అతన్ని చంపాలి. నువ్వు బతికించాలి."

"ముఠాకి పెద్ద ఎవరు?"

"క్రెస్. ముప్పై ఏళ్లుగా ఫ్రెంచి వీధుల్లో పాత సామాన్ల షాపు నడుపుతున్నాడు. ఏ దేశంవాడో వాడి పాస్‌పోర్టుకే తెలియదు. మన పెళ్లిళ్లలో ఆకు ముందు కూర్చుని చేత్తో తింటాడు. అరెస్టు చేయడానికి సాక్ష్యం లేదు."

"వాడి పక్కన మనవాళ్లెవరైనా ఉన్నారా సార్?"

తిరుమలై కిటికీలోంచి బయటికి చూశాడు. "కోమల."

ఐదేళ్ల క్రితం కోమలను ఈ పనిలోకి తెచ్చింది ఆదికేశవనే. పెళ్లి చేసుకుందామని ఆమె అడిగింది. ఈ మిషన్ అయ్యాక అన్నాడు. ఆ మిషన్ అయ్యాక ఇంకో మిషన్ అన్నాడు. మూడోసారి ఆమె అడగలేదు. అడగకపోవడం అతనికి హాయిగా తోచింది. అలాంటివాళ్లకు అలాగే తోస్తుంది.

"కోమల తన మనిషని క్రెస్ నమ్మకం," అన్నాడు తిరుమలై. "శంకరన్ మీద కన్నేసి ఉంచడానికి ఆమెను అతని దగ్గర పెట్టాడు. ఫ్రెంచి పత్రికలు చదివి చెప్పే ట్రాన్స్‌లేటర్‌గా. ఆమె అందాన్ని వాడుకోమన్నాడు. వాడుకోమని మనమూ అన్నాం."

*

ఉప్పళంలో మణియమ్మ ఇంటి మేడగదిలో సొల్దా మునుసామి అద్దెకు దిగాడు. సొల్దా అంటే ఫ్రెంచి సైన్యంలో చేసి వచ్చి పెన్షన్ తీసుకునే సిపాయి. నెరిసిన మీసం, కుంటి కాలు, చంకలో కర్ర, ఛాతీ మీద రెండు పతకాలు. కర్రలో వైర్‌లెస్. పతకాల్లో ఒకటి కెమెరా. మీసం మాత్రం ఉత్త జిగురు.

మణియమ్మ శంకరన్‌కు పెద్దమ్మ. తల్లి పోయాక అతన్ని ఆమే పెంచింది. కింద వాళ్లిద్దరే ఉంటారు. హాల్లో రేడియో వెనక ఆదికేశవన్ మైకు పెట్టాడు. మేడమీద టేప్ రికార్డరు, హెడ్‌ఫోన్.

రోజంతా గదిలోనే ఉండే ఈ సొల్దా మణియమ్మకు నచ్చలేదు.

"ఏందప్పా సొల్దా," అంది ఆకువక్క నములుతూ. "ఫ్రెంచోడు నీకు పెన్షన్ ఇచ్చేది కాలు పోయినందుకా, కదలకుండా కూర్చున్నందుకా?"

"రెండిటికీ అక్కా."

"అట్లయితే మా ఆయనకీ రావాల్సిందే. ఆయన రెండు కాళ్లూ బాగుండీ కదలలేదు."

సాయంత్రాలు కోమల సోలెక్స్ మోపెడ్ మీద వచ్చేది. నల్ల కళ్లద్దాలు, చేతుల్లేని రవిక, గాలికి ఎగిరే షిఫాన్ చీర. వీధి వీధంతా తల తిప్పేది. ఆమె మేడవైపు తల ఎత్తేది కాదు. ట్రెయినింగులో అది నేర్పింది ఆదికేశవనే.

హెడ్‌ఫోన్‌లో ముందు కుర్చీ చప్పుడు, తర్వాత కాఫీ గ్లాసుల చప్పుడు, తర్వాత శంకరన్ గొంతు. మెల్లగా మాట్లాడే మనిషి. తన పని గురించి తప్ప ఇంకేమీ రాదు.

"కొల్లాజెన్ ముప్పేట తాడు అనుకో కోమలా. మూడు పోగులు మెలేసి ఉంటాయి. ప్రతి కణమూ ఆ తాడును పట్టుకునే బతుకుతుంది. ఈ ఎంజైమ్ కణాన్ని తాకదు. తాడును తెంపుతుంది."

"అయితే కణాన్ని చంపేది ఎవురు?"

"ఎవరూ చంపనక్కర్లేదు. పట్టుకునేదానికి ఏమీ లేదని తెలిస్తే అదే చస్తుంది."

కాసేపు ఏమీ వినబడలేదు. ఆ నిశ్శబ్దంలో వాళ్లు ఏం చేస్తున్నారో టేపు చెప్పదు. ఆదికేశవన్ వాల్యూమ్ పెంచాడు. మణియమ్మ రోకలి చప్పుడు తప్ప ఇంకేమీ దొరకలేదు.

"దీనివల్ల మంచి కూడా ఉంది," అన్నాడు శంకరన్. "ఒళ్లు కాలినవాళ్లకి చచ్చిన చర్మం ఊడిరాదు. ఈ తాళ్లతోనే బతికిన కండకి అంటుకుని ఉంటుంది. శుభ్రం చేసిన ఎంజైమ్ పూస్తే ఆ తాళ్లు తెగి చచ్చినది రాలిపోతుంది. కొత్త చర్మం వస్తుంది. నాకు కావలసింది అదే. ఆయుధం వాళ్లది."

మొదటి వారం ఆమె అతన్ని డాక్టర్ గారూ అంది. రెండో వారం డాక్టర్ అంది. మూడో వారంలో శంకర్ అంది. ఆదికేశవన్ ఈ మూడూ మద్రాసుకు వైర్‌లెస్‌లో పంపాడు. ఆపరేషన్‌కు వీటితో ఏం సంబంధమని తిరుమలై అడిగాడు. సెక్యూరిటీ సంబంధం అన్నాడు ఆదికేశవన్.

మరో సాయంత్రం శంకరన్ ఆ ఎంజైమ్‌కున్న బలహీనత గురించి మొదలుపెట్టాడు. దాన్ని నిద్రపుచ్చడం ఎలాగో, నిద్రలేపేది ఏమిటో చెప్పబోతూ ఏదో జోకు వేశాడు. చెత్త జోకు. కోమల నవ్వింది. ఐదేళ్లలో ఆదికేశవన్ ఆ నవ్వు ఎరగడు. మద్రాసు బీచ్‌లో తనతో నవ్విన నవ్వు వేరు. అది పెదాల దాకా వచ్చి ఆగేది. ఇది ఎక్కడా ఆగలేదు.

హెడ్‌ఫోన్ తీసి మంచం మీదికి విసిరాడు. కింద శంకరన్ చెబుతూనే ఉన్నాడు. టేపు తిరుగుతూనే ఉంది. దాన్ని వెనక్కి తిప్పి వినడం ఏజెంటు డ్యూటీ. ఆ నవ్వు మళ్లీ వినవలసి వస్తుందని అతను వినలేదు.

*

జూలై పదమూడున బీచ్ రోడ్డు పక్కన, ఇనుప గుండ్లతో బుల్ ఆట ఆడే చోట వాళ్లిద్దరూ కలుసుకున్నారు.

"గుండు బరువుగా ఉండాదా?" అంది ఆమె. కోడ్ అది.

"తుప్పు పట్టినాక అన్నీ బరువే," అన్నాడు సొల్దా.

ఆమె హ్యాండ్‌బ్యాగులోంచి ఒక రిబ్బను పువ్వు తీసింది. నీలం, తెలుపు, ఎరుపు. మర్నాడు ఫ్రెంచివాళ్ల జాతీయ పండగ. సొల్దాలంతా పతకాలు పెట్టుకుని యుద్ధ స్మారకం దాకా కవాతు చేస్తారు. చూడవచ్చినవాళ్ల చొక్కాలకు ఆడవాళ్లు ఇలాంటి పువ్వులు గుచ్చుతారు. శంకరన్‌కు ఆహ్వానం ఉంది. ఈ పువ్వును అతని ఛాతీకి గుచ్చమని క్రెస్ ఆజ్ఞ. ఎందుకని అడిగితే, గుంపులో మావాడికి గుర్తు కావాలి అన్నాడట.

ఆదికేశవన్ పువ్వును తిప్పి చూశాడు. ట్రాన్స్‌మిటర్ లేదు. రిబ్బను, దాని వెనక చిన్న రబ్బరు బుడిపె, కాస్త లావైన పిన్ను. "షూటర్ ఉన్నాడన్న మాట. ఏదో మేడమీద."

"నేనూ అట్లే అనుకున్నా. ఆది, దీన్ని శంకర్‌కి పెట్టొద్దు. ఇట్లాంటిదే ఇంకోటి కొని ఆయనకి పెడతా. ఇది నువ్వు పెట్టుకో. లోపల బుల్లెట్‌కి అడ్డం ఇనప జాకెట్ ఏసుకో. గుర్తు నీ మీదుంటే తుపాకీ నీ పక్కకు తిరుగుతుంది."

తెలివైన ప్లాన్. ట్రెయినింగ్ పుస్తకంలో ఉండవలసిన ప్లాన్. ఆదికేశవన్ చెవికి మాత్రం ఒక్క మాటే ఎక్కింది. శంకర్‌కి పెట్టొద్దు.

"ఆయనంటే అంత భయమా నీకు?"

"భయం ఆయనంటే గాదు. ఆయనకేమైనా అయితే అని."

"డాక్టరుకే పెట్టు," అన్నాడు. "గుర్తు మారిస్తే క్రెస్ నిన్ను అనుమానిస్తాడు."

కారణం బాగానే ఉంది. అసలు కారణం అది కాదు. కోమల అతని మొహంలోకి సూటిగా చూసింది. ఇద్దరికీ తెలుసు. ఆర్డరు ఆర్డరే కనుక ఆమె పువ్వు బ్యాగులో పెట్టుకుని వెళ్లిపోయింది.

*

పద్నాలుగు పొద్దున బీచ్ రోడ్డు నిండా జనం. బ్యాండు. ముసలి సొల్దాలు వంగిన నడుములు నిక్కబొడుచుకుని నడిచారు. ప్రతి మేడమీదా ఆదికేశవన్ మనిషి ఉన్నాడు. ఐస్ అమ్మేవాడు, బెలూన్లవాడు, ఫోటోగ్రాఫరు, అందరూ తిరుమలై జీతగాళ్లే.

స్మారకం దగ్గర కోమల శంకరన్ చొక్కాకు పువ్వు గుచ్చింది. అతను ఉలిక్కిపడి నవ్వాడు. నొప్పా అన్నట్టు ఆమె పువ్వును అరచేత్తో అదిమింది. సొల్దాల వరసలో నడుస్తున్న ఆదికేశవన్ అడుగు తప్పాడు. మేడలు చూడవలసిన కళ్లు ఆ అరచేతి మీదే ఉన్నాయి.

ఎవరూ కాల్చలేదు. కవాతు ముగిసింది. క్రెస్ తెల్ల సూటులో అందరికీ దండాలు పెడుతూ వెళ్లిపోయాడు. ప్రాణగండం గడిచిందని మేడలమీది మనుషులు సిగరెట్లు వెలిగించారు. ఆదికేశవన్‌కు మాత్రం ఏదో వెలితిగా ఉంది. అది ఎలాంటి వెలితో అతను తరచి చూసుకోలేదు.

మధ్యాహ్నం ఉప్పళం ఇంట్లో శంకరన్ కుర్చీలో వెనక్కి వాలాడు. ఛాతీ మీద మంటగా ఉందన్నాడు. కోమల రెండు బొత్తాలు విప్పి చూసింది. ఎర్రగా చుక్కంత దద్దురు.

"కందిరీగరా," అంది మణియమ్మ, గుడ్డి వెలుగులో తొంగిచూసి. "బీచ్‌లో జనం తిన్న తీపికి అవి ముసురుకోవా మరి? దా, సున్నం బెడితే గమ్మునవుతుంది." ఆకుపెట్టె మూత తీసింది.

ఆ ఊళ్లో ఏది కుట్టినా సున్నమే. తేలుకైనా, తేనెటీగకైనా. డాక్టర్ శంకరన్ బయోకెమిస్ట్రీలో ఎంత చదివినా, పెద్దమ్మ సున్నం తెస్తే చొక్కా విప్పే పిల్లవాడే. కళ్లు మూసుకుని ఛాతీ చూపించాడు.

"మీరు ఉండండి పెద్దమ్మా, నేను పెడతా," అంది కోమల.

ఆకుపెట్టెలోంచి చూపుడువేలి కొసన సున్నం తీసింది. రెండో చేత్తో చొక్కా పక్కకు జరిపింది. జుట్టు అతని భుజం మీద పడింది. వేలు మెల్లగా అతని ఛాతీ వైపు వెళ్లింది.

ఆదికేశవన్ గుమ్మంలో ఉన్నాడు. ఆపరేషన్ లేదు, క్రెస్ లేడు, దేశం లేదు. ఆ వేలొక్కటే ఉంది. అది ఆ ఒంటికి తగలకూడదు.

చంకకర్ర గాలిలో లేచింది. ఆమె మణికట్టు మీద పడింది. సున్నం ఎగిరి గోడకు కొట్టుకుంది. కర్ర కొస శంకరన్ దవడకూ తగిలింది. అది పొరపాటు కాదు.

"నీకేమి పిచ్చా సొల్దా!" మణియమ్మ ఆకుపెట్టె అతని మీదికి విసరబోయింది.

కోమల మణికట్టు పట్టుకుని అతన్నే చూస్తోంది. కుంటికాలు కుంటడం మరిచిన ఆ మనిషి ఎందుకు కొట్టాడో ఆమెకు అర్థమైంది. మొహం అసహ్యంతో ముడుచుకుంది.

శంకరన్ దవడ తడుముకోలేదు. గోడమీద కారుతున్న సున్నాన్ని చూశాడు. ఛాతీమీది చుక్కను చూశాడు. ఒక్కసారిగా నెత్తురు ఇంకిపోయింది మొహంలో.

"కాల్షియం," అన్నాడు.

పువ్వు పీకి వెనక చూశాడు. పిన్ను సన్నటి గొట్టం. రబ్బరు బుడిపె ఖాళీ.

"ఈ విషంతో చనిపోయినాయనకి ముందు ఏం జరిగింది? ఎవరికైనా తెలుసా?"

"కందిరీగ అనుకున్నాడు," అన్నాడు ఆదికేశవన్. "భార్య సున్నం పూసింది."

శంకరన్ గబగబా చెప్పాడు. కాల్షియం లేకపోతే ఈ ఎంజైమ్ పనిచెయ్యదు. కాల్షియంను పట్టి బంధించే మందు కలిపి దాన్ని నిద్రపుచ్చవచ్చు. క్రెస్ ఆ నిద్రపోయే విషాన్నే గుచ్చుతున్నాడు. ఒంట్లో ఉన్న కాల్షియం దాన్ని మెల్లగా లేపుతుంది. సున్నమంటే అంతా కాల్షియమే, అది తగిలితే వెంటనే లేస్తుంది. అప్పటికి గుచ్చినవాడు మైళ్ల దూరంలో ఉంటాడు. ఇంట్లోవాళ్లే ప్రేమగా హత్య పూర్తిచేస్తారు. ముప్పై ఏళ్లు మన పెళ్లిళ్లలో కూర్చుని క్రెస్ నేర్చుకున్నది అది.

"ల్యాబులో నా విరుగుడు ఉంది. ఆసుపత్రిలో ఈ కండ కోసి తీసేయాలి. గంటలోపల." అని, సొల్దాకు రెండు చేతులూ జోడించాడు. "మీరెవరో గాని, నా ప్రాణం కాపాడినారు."

ఆదికేశవన్ ఆ దండాన్ని తీసుకున్నాడు. తనకు చెందదని తెలిసీ తీసుకున్నాడు.

*

కోమల క్రెస్‌కు ఫోన్ చేసింది. డాక్టరుకు కందిరీగ కుట్టిందనీ, సున్నం పూసి పడుకోబెట్టారనీ చెప్పింది. క్రెస్ మెచ్చుకున్నాడు. మురుంగపాక్కం వంతెన దగ్గరికి రమ్మన్నాడు, ఇద్దరం కలిసి ఊరు దాటుదామన్నాడు.

ఆమె కారు నడిపింది. ఆదికేశవన్ వెనక సీటు కింద పడుకున్నాడు. దారంతా ఆమె ఒక్క మాట మాట్లాడలేదు.

ఏటి ఒడ్డున కొబ్బరిచెట్ల నీడలో తెల్ల సూటు. కోమల దిగగానే క్రెస్ నడుము వంచి నమస్కరించాడు. జేబులోంచి మూడు రంగుల పువ్వు తీశాడు. "బాగా చేసినావమ్మా. దీనికి బహుమానం," అంటూ ఆమె భుజం వైపు చెయ్యి చాచాడు.

వెనక తలుపు తెరుచుకుంది. ఆదికేశవన్ ఆ మణికట్టును పట్టి వెనక్కి మెలితిప్పాడు. పిన్ను క్రెస్ అరచేతిలోనే దిగింది.

దొర కేకకు ఒడ్డున చేపలమ్మే అంజలై గంప వదిలి పరుగెత్తుకొచ్చింది. చేతిమీద ఎర్రటి చుక్క చూసింది. అయ్యో అంది. కొంగుముడిలోంచి సున్నం డబ్బా తీసింది. "కందిరీగా దొరా? ఉండు, క్షణంలో పోతుంది."

క్రెస్ వెనక్కి పడ్డాడు. "ఒద్దు, సున్నం ఒద్దు," అని ముందు తమిళంలో, తర్వాత తెలుగులో, తర్వాత తన సొంత భాషలో అరిచాడు. అతను ఏ దేశంవాడో డిపార్టుమెంటుకు అప్పుడు తెలిసింది.

ఆదికేశవన్ అంజలైకి దండం పెట్టి డబ్బా తీసుకున్నాడు. చూపుడువేలికి సున్నం అంటించుకుని దొర పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"నారను తెంపితే కణం చస్తుందట గదా దొరా. నాకు సైన్సు రాదు. చూపిస్తావా?"

ఆ వేలు అరచేతికి అంగుళం దూరంలో ఉండగా క్రెస్ అన్నీ చెప్పాడు. మనుషుల పేర్లు, సరుకు దాచిన గోడౌను, కొనే దేశం. పతకంలో కెమెరా తిరిగింది. కర్రలో వైర్‌లెస్ మద్రాసుకు వినిపించింది. తర్వాత అతన్నీ ఆసుపత్రికే తీసుకెళ్లారు. చెయ్యి దక్కింది. స్వేచ్ఛ దక్కలేదు.

*

శంకరన్ ఛాతీలోంచి రూపాయి బిళ్లంత కండ తీసేశారు. మర్నాడే ప్రయాణం కుదరదు గాని ఫార్ములా ఢిల్లీకి చేరింది. ఆసుపత్రి వరండాలో కోమల బెంచీ మీద కూర్చుని ఉంది. మణికట్టుకు కట్టు.

ఆదికేశవన్ మీసం లేకుండా వచ్చాడు. పక్కన చోటున్నా కూర్చోలేదు.

"డాక్టర్లంతా నిన్ను పొగడతా ఉండారు," అంది ఆమె. "సున్నం సంగతి నీకెట్లా తెలుసని అడగతా ఉండారు. టేపులో విన్నాడేమో అంటిని. విన్నావా?"

అతను అబద్ధం చెప్పవచ్చు. నోరు తెరిచాడు. ఆమె చెయ్యి ఎత్తి ఆపింది.

"ఒద్దు. నువ్వు వినేది యాడ ఆపినావో నాకు తెలుసు. నేను నవ్విన కాడ." మణికట్టు మీది కట్టు సర్దుకుంది. "నా వేలు ఆయనకి తగలనిచ్చేదానికి నీకు మనసు రాలేదు. అంతే గదా? ఆయన బతికింది దానివల్ల. ఆ పువ్వు ఆయనకి పెట్టించింది గూడా దానివల్లే. రెండూ కలిపితే నీకు నాకు చెల్లు."

"కోమలా, ఈ మిషన్ అయిపోయింది గదా. ఇప్పుడు..."

"నాకూ అయిపోయింది ఆది. రాజీనామా పంపించినా. శంకర్ నన్నడిగినాడు. మత్తు మందు దిగకముందే అడిగినాడు. నీ మాదిరి 'తర్వాత' అనలేదు."

ఆమె లేచి వార్డులోకి వెళ్లింది. తలుపు స్ప్రింగు తలుపు. రెండుసార్లు ఊగి ఆగింది.

సాయంత్రం ఆసుపత్రి ఆఫీసులో ఆదికేశవన్‌కు ట్రంకాల్ వచ్చింది. తిరుమలై గొంతులో ఎన్నడూ లేని సంతోషం. సమయానికి వాడిన సైంటిఫిక్ బుద్ధికి ఢిల్లీ మెడల్ ఇస్తోందన్నాడు. ఆదికేశవన్ థాంక్స్ చెప్పాడు.

"ఇంకో సంగతి. ముఠాలో ఇద్దరు ఇంకా దొరకలేదు. శంకరన్ పెళ్లి తిరుపతిలోనట, వచ్చే నెల. పెళ్లయ్యేదాకా అతని పక్కనుంచి కదలకూడదు. కవర్ కూడా ఆలోచించాను. తోడుపెళ్లికొడుకు. ఏమైనా అభ్యంతరమా?"

"లేదు సార్."

"ఎక్విప్‌మెంట్ ఏం పంపమంటావు? రివాల్వర్, వైర్‌లెస్?"

ఆదికేశవన్ కిటికీలోంచి వార్డు వైపు చూశాడు.

"నల్ల కళ్లద్దాలు పంపండి సార్. బాగా నల్లవి."